ఇరవై రెండు నిమిషాల్లో నత్త

"వచ్చావా బుజ్జమ్మా! టీ ఏమైనా తెచ్చావా, ఉత్త ప్రశ్నలేనా?" అన్నాడు బావ కటకటాల వెనక నుంచి.

దొంగతనం కేసులో రాత్రంతా లాకప్‌లో కూర్చున్న మనిషి అడగాల్సిన మొదటి మాట అది కాదు. కానీ బావ అంతే. ఇల్లు తగలబడుతుంటే పక్కవాణ్ణి చలి కాచుకుందాం రమ్మనే రకం. అవతల అక్క ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి స్టేషన్ వసారాలో బల్ల మీద కూలబడి ఉంటే, ఈయన లోపల కూర్చుని కానిస్టేబుల్‌కి అతని మోటారు సైకిలు చైను ఎందుకు చప్పుడు చేస్తుందో పాఠం చెబుతున్నాడు.

బుజ్జమ్మ అన్నది ఇంట్లో పిలిచే పేరు. విజిటింగ్ కార్డు మీద 'ప్రైవేట్ డిటెక్టివ్' అని నల్లటి అక్షరాలతో ఉంటుంది. ఆ కార్డు చూస్తే చెమటలు పట్టేవాళ్ళు ఊళ్ళో నలుగురైదుగురున్నారు. బావకి మాత్రం ఆమె ఇంకా అక్క పెళ్ళినాటి పళ్ళూడిన పిల్లే. ఆయన లెక్క అక్కడే ఆగిపోయింది, ఎవరేం చేస్తారు!

"టీ తర్వాత. నిన్న మధ్యాహ్నం సంగతి చెప్పు. నిమిషం కూడా వదలకుండా."

"మూడింటికి టీచరమ్మ గారింటికి వెళ్ళాను. ఆవిడ పెద్ద కారు కింద ఆయిల్ కారుతోందంటే చూద్దామని. పోర్టికోలో కారు కింద దూరాను. కాసేపటికి చేతిలో లైటు ఆరిపోయింది. ఫ్యూజు పోయిందేమోనని ఒక కేక వేశాను. ఎవరూ పలకలేదు. టార్చి పెట్టుకుని పని కానిచ్చాను. నాలుగున్నరకి బయటికొచ్చాను."

"లైటు ఆరింది ఎప్పుడు?"

"మూడూ నలభై. ఇంట్లో కరెంటు గడియారం అక్కడే ఆగిందట. ఇన్‌స్పెక్టర్ గారు పదిసార్లు చెప్పారు. నాకూ బట్టీ వచ్చేసింది."

కేసు చూడబోతే చాలా చిన్నది. టీచరమ్మ గారు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ నాన్నగారి బంగారు జేబు గడియారం హాల్లో అద్దాల పెట్టెలో ఉంటుంది. ఎవరైనా ముట్టుకుంటే గంట మోగే ఏర్పాటు ఉంది, కానీ కరెంటు ఉంటేనే. నిన్న మూడూ నలభైకి ఎవరో ఫ్యూజు పీకి గడియారం కాజేశారు. టీచరమ్మ గారు లోపల గదిలో నిద్రలో ఉన్నారు. సాయంత్రం సోదా చేస్తే గడియారం తాలూకు మఖమల్ డబ్బా బావ పనిముట్ల పెట్టెలో, స్పానర్ల కింద దొరికింది. ఆరింటికి బావ లాకప్‌లో ఉన్నాడు.

"నీ పనిముట్ల పెట్టె ఎక్కడుంది అప్పుడు?"

"మెట్ల దగ్గర. నేను కారు కింద. ఏనుగొచ్చి అందులో కూర్చున్నా నాకు తెలిసేది కాదు."

"చప్పుడేమైనా విన్నావా?"

బావ చెవి గోక్కున్నాడు. "వెనక సందులో ఏదో బండి పోయినట్టుంది."

ఏదో బండి! వీధి చివర మలుపు తిరగకముందే చప్పుడు విని బండి వయసు చెప్పే మనిషి, ఏదో బండి అంటున్నాడు! బుజ్జమ్మ ఆ మాటను అప్పటికి మనసులో వేసుకుని ఊరుకుంది.

"ఆ ఇంట్లో ఫ్యూజు ఎక్కడుందో తెలిసిన మూడో మనిషి ఒక్కడే బావా, ఆవిడ మేనల్లుడు. కానీ అతను నాలుగూ రెండు నిమిషాలకి కొండ మీద హోటల్లో రిజిస్టరులో సంతకం పెట్టాడు. కెమెరాలో కనిపిస్తున్నాడు. ఇక్కణ్ణుంచి పైకి ఇరవై నాలుగు కిలోమీటర్లు. ఎటు లెక్కేసినా కుదరడం లేదు."

"ఏ బండిలో వెళ్ళాడు?" బావ గొంతులో సరదా ఎగిరిపోయింది.

"టీచరమ్మ గారి నత్త బండిలో."

పదిహేనేళ్ళ నాటి బుల్లి కారు అది. టీచరమ్మ గారు దాన్ని కడుపులో చల్ల కదలకుండా నడుపుతారు. కొండ ఎక్కాలంటే యాభై నిమిషాలు, వెనక పది బండ్ల ఊరేగింపు. నత్త బండి అన్న పేరు అలా వచ్చిందే.

బావ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. నిమిషం నోరు ఊరుకోని మనిషి అలా తిరిగిపోతే బుజ్జమ్మకి కంగారు పుట్టింది.

"ఆ బండి గురించి నన్నడగకు బుజ్జమ్మా. ఒకరికి మాటిచ్చాను."

"ఎవరికి?"

"అది చెప్పకూడదన్నదే ఆ మాట."

"సాయంత్రం ఐదింటికి నిన్ను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు! దొంగ అని ముద్ర పడితే నీ షెడ్డులో ఇంకెవడు బండి వదులుతాడు? అక్క ఏమైపోవాలి?"

"నోరు జారే మెకానిక్ దగ్గర కూడా ఎవడూ బండి వదలడే," అన్నాడు బావ మెల్లిగా. "నేను చెప్పను. నీకు కళ్ళున్నాయిగా, వెళ్ళి చూసుకో."

"అయ్యాయా బావామరదళ్ళ ముచ్చట్లు?" వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ గొంతు.

ఈయనకీ బుజ్జమ్మకీ ఉప్పూ నిప్పూ. ఏడాదిలో రెండు కేసులు ఆయన మూసేశాక ఈమె తెరిచింది. రెండుసార్లూ పైవాళ్ళ చేత ఆయన చీవాట్లు తిన్నాడు. అందుకే ఈసారి ఆమె సొంత బావే దొరికేసరికి మనిషి మీసం కింద నవ్వు దాచుకోలేకపోతున్నాడు.

"మేనల్లుడి సంగతి నేను చూడలేదనుకున్నారా డిటెక్టివ్ గారూ? హోటల్ కెమెరా టైము నా చేతి గడియారంతో సరిచూశాను. నా జీపు వేసుకుని సైరన్ మోగిస్తూ నేనే కొండెక్కాను. ముప్పై నాలుగు నిమిషాలు. ఇరవై రెండు నిమిషాల్లో ఎక్కాలంటే ఆ డొక్కుకి రెక్కలుండాలి."

"ఉన్నాయేమో చూసొస్తాను."

"వెళ్ళండి, కోడిగుడ్డుకి ఈకలు పీకడం మీకు అలవాటేగా. ఐదింటికి మాత్రం మీ బావ నా జీపులో ఉంటాడు."

రెండుంబావుకి బుజ్జమ్మ టీచరమ్మ గారి గేటు తీసింది. మేనల్లుడు ఎదురొచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, ఇస్త్రీ చొక్కా, పళ్ళపొడి డబ్బా మీద బొమ్మలాంటి నవ్వు. టీచరమ్మ గారు వరండాలో పేము కుర్చీలో కూర్చుని ఉన్నారు. చేతిలో పుస్తకం ఉంది గానీ పేజీ తిరగడం లేదు.

"నిన్న ఎన్నింటికి బయల్దేరారు?"

"రెండూ యాభైకి."

"చేరింది నాలుగూ రెండు. అంటే డెబ్బై రెండు నిమిషాలు."

"అత్తయ్య బండి కదండీ. మధ్యలో ఆపి చల్లారబెట్టుకుంటూ వెళ్ళాలి."

"దారిలో ఎవరైనా చూశారా?"

"ఆ నత్తను అందరూ దాటిపోయేవాళ్ళే గానీ చూసేవాళ్ళెవరండీ!" అని తన జోకుకి తానే నవ్వాడు.

జోకు బాగానే ఉంది. బుజ్జమ్మ కూడా నవ్వి, "బండి ఒకసారి చూస్తాను," అంది.

"చూడండి, చూడండి. బానెట్ మాత్రం తెరుచుకోదు. తీగ తెగిపోయింది."

బానెట్ తెరవమని ఆమె అడిగిందా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట! బుజ్జమ్మ ఏమీ అనకుండా పక్క షెడ్డులోకి నడిచింది.

బయటికి చూస్తే అదే పాత నత్త. అదే వెలిసిన పసుపు రంగు, అదే వంగిన నంబరు ప్లేటు. ఆమె చీర కొంగు దోపుకుని నేల మీద బోర్లా పడుకుని, ముందు బంపరు సందుల్లోంచి టార్చి వేసింది. లోపల రేడియేటర్ ఉంది. ఉండాల్సిందే. దాని ముందు రేకుల రేకుల అల్యూమినియం డబ్బా ఇంకోటి ఉంది. దానికి చేతి మణికట్టంత లావు గొట్టాలు. అది మాత్రం ఉండాల్సింది కాదు. ఏసీ కూడా లేని బండికి అంత చల్లదనం దేనికి?

డిక్కీ తెరిచింది. చాప ఎత్తితే స్పేర్ టైరు పక్కన బ్యాటరీ. బ్యాటరీ చోటు ముందు, ఇంజన్ పక్కన. అక్కణ్ణుంచి డిక్కీలోకి వలస వచ్చిందంటే ముందు దానికి చోటు చాలలేదన్నమాట. ఇంట్లోకి పెద్ద బీరువా వస్తే మంచం వసారాలోకి పోయినట్టు. ఈ బానెట్ కింద ఏదో పెద్దదే కాపురం పెట్టింది.

ఆ ఉత్సాహంలో ఆమె బ్యాటరీ నట్ల మీదికి టార్చి తిప్పింది. తిప్పి, అలాగే ఉండిపోయింది.

ప్రతి నట్టు మీదా వంకాయ రంగు గీత. సన్నగా, నట్టు మీంచి కింది రేకు మీదికి, ఒకటే గీత. బిగించిన ప్రతి నట్టుకీ అలా గీత పెట్టడం బావ అలవాటు. తర్వాత నట్టు కాస్త వదులైనా రెండు గీతలూ పక్కకి జరిగి తెలిసిపోతుంది. పెయింటు ఆయిల్ తగిలితే పోతుందని ఆయన అక్క గోళ్ళరంగు సీసాలు ఎత్తుకుపోతుంటాడు. 'నా గోళ్ళకంటే ఊళ్ళో ఇంజన్లకే ఎక్కువ సింగారం' అని అక్క దెప్పని రోజు లేదు.

ఇంజన్ మార్చింది బావే. ఆయన మాటిచ్చింది ఈ బండి గురించే.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈ బండి ఎగరగలదని చూపిస్తే మేనల్లుడు దొరుకుతాడు. కానీ రెక్కలు కట్టింది ఎవరంటే బావ. దొంగ కాస్తా దొంగకి భాగస్వామి అవుతాడు. చూపించకపోతే ఐదింటికి ఎలాగూ దొంగే. అయినా నిజం బయటికి లాగితేనే దాని తోక ఎక్కడుందో తెలుస్తుందని, దుమ్ము దులుపుకుని లేచింది.

"టీచరమ్మ గారూ, బండి తాళం కావాలి. ఒకసారి కొండెక్కి వస్తాను."

"అనవసరంగా ఎందుకండీ! పాత బండి, దారిలో ఆగిపోతే..." అంటూ మేనల్లుడు అడ్డొచ్చాడు.

టీచరమ్మ గారు అతని వైపు చూడలేదు. కుర్చీ పక్కన సంచీలోంచి తాళం తీసి బుజ్జమ్మ చేతిలో పెట్టారు. ఏదో చెప్పబోయి, మేనల్లుణ్ణి ఒకసారి చూసి, ఊరుకున్నారు.

కబురందుకున్న ఇన్‌స్పెక్టర్ పది నిమిషాల్లో వచ్చి వాలాడు. పందెం అంటే ఆయనకి సరదా, అందులోనూ గెలిచేదైతే.

"నా జీపుకి పట్టిన ముప్పై నాలుగు నిమిషాల కంటే ముందు పైకి చేరితే మీ బావని ఐదింటికి తీసుకెళ్ళను. చేరకపోతే నాకింక అడ్డు రానని తెల్ల కాగితం మీద రాసివ్వాలి."

"రాసిస్తాను. గడియారం మీదే చూడండి. బెల్టు పెట్టుకోండి."

"దీనికి బెల్టు కూడానా?"

రెండూ యాభై ఐదుకి బండి కదిలింది. ఊరి చివరిదాకా పిల్లిలా నడిచింది. ఇన్‌స్పెక్టర్ కిటికీ మీద చేయి వేసుకుని సన్నగా పాట కూడా అందుకున్నాడు. మొదటి ఎక్కుడు దగ్గర బుజ్జమ్మ రెండో గేరులో పాదం దించింది. బానెట్ కింద ఎవరో సన్నగా ఈల వేశారు. తర్వాత క్షణం ఇన్‌స్పెక్టర్ టోపీ వెనక సీటులో ఉంది, పాట గొంతులో ఉంది.

"ఏమ్మా, ఏమ్మా, ఏమిటిది!"

"కోడిగుడ్డండీ. ఈకలు పీకుతున్నాను."

మూడో మలుపు, ఐదో మలుపు, ఎనిమిదో మలుపు. స్టీరింగ్ చేతుల్లోంచి గుంజుకుపోతోంది. ముందు చక్రాలు రాళ్ళు చిమ్ముతున్నాయి. ఇన్‌స్పెక్టర్ రెండు చేతులతో పైనున్న పిడి పట్టుకుని ఇంట్లో వాళ్ళందరి పేర్లూ తలుచుకుంటున్నాడు. పన్నెండో మలుపు దగ్గర ముందు పాల వ్యాన్ కనిపించింది. హారన్ కొట్టేలోపే ఆ డ్రైవరు అద్దంలో చూసి, మర్యాదగా పక్కకి తప్పుకుని, చేయి ఎత్తి సలాం కొట్టాడు.

నత్త బండికి పాల వ్యాన్ సలామా? ఈ డ్రైవరు ఈ బండిని ఇంతకుముందే ఎరుగును. ఈ వేగంలోనే ఎరుగును. ఎవరు నడుపుతుండగా చూశాడో!

హోటల్ గేటు ముందు ఆగేసరికి మూడూ పదహారు దాటి ముప్పై సెకన్లు. ఇన్‌స్పెక్టర్ గడియారాన్ని రెండుసార్లు చూశాడు, మూడోసారి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఇరవై ఒకటిన్నర," అంది బుజ్జమ్మ. "మేనల్లుడికి ఇరవై రెండు పట్టింది. పాపం, మర్యాదగా వెళ్ళాడు."

ఇన్‌స్పెక్టర్ దిగి బంపరు కిందికి చేయి పోనిచ్చి బానెట్ తీగ లాగాడు. తెగిందన్న తీగ శుభ్రంగా పనిచేసింది. లోపల ఇంజన్ అంగుళం ఖాళీ లేకుండా ఇరుక్కుని ఉంది. ఇలాంటి బండ్లు రెండింటికి సరిపోయే ఇంజన్. పక్కన గాలి కూరి బలం పెంచే టర్బో, ఇందాక ఈల వేసింది అదే, నత్త గుల్లలా చుట్టుకుని వేడికి టిక్కుటిక్కుమంటోంది.

"పిట్ట కొంచెం, కూత ఘనం!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. పోలీసు పోయి బడిపిల్లాడు మిగిలాడు ఆ ముఖంలో. అంతలోనే ముందుకి వంగి వేలితో ఒక నట్టు తడిమాడు. ముఖం మళ్ళీ పోలీసైంది. "నిన్న మీ బావ పెట్టెలో గోళ్ళరంగు సీసా దొరికింది. మెకానిక్‌కి గోళ్ళరంగెందుకా అని రాత్రంతా ఆలోచించాను. ఇదే రంగు."

బుజ్జమ్మ బానెట్ మూయబోతే చేయి అడ్డం పెట్టాడు.

"మేనల్లుడు దొంగ, ఒప్పుకుంటాను. ఇంజన్ వేసి వాణ్ణి తప్పించింది మీ బావ. డబ్బా ఆయన పెట్టెలో దొరికింది. దొంగ ఒక్కడనుకున్నాను, ఇద్దరన్నమాట. పందెం ప్రకారం ఐదింటికి తీసుకెళ్ళను. ఐదున్నరకి ఇద్దర్నీ కలిపి తీసుకెళ్తాను. తాళం ఇటివ్వండి, ఇది ఇప్పుడు సాక్ష్యం, నేనే నడుపుతాను."

సాక్ష్యాన్ని నడపాలని చట్టంలో ఎక్కడుందో గానీ, ఆయన కళ్ళు మాత్రం తళతళలాడుతున్నాయి. దిగుడంతా బండిని వదిలి, మళ్ళీ పట్టి, ప్రతి మలుపులో బ్రేకు తొక్కుతూ, 'ఆహా, ఆహా' అంటూ దించాడు. బుజ్జమ్మకి ఆ ఆహాలు చెవికెక్కలేదు. బావ ఇక నోరు విప్పకపోతే ఎలా అన్న ఒక్క ఆలోచనే బుర్రలో తిరిగింది.

నాలుగూ ఐదుకి స్టేషన్ ముందు బండి ఆగింది. ఇన్‌స్పెక్టర్ గెలిచిన కోడిలా లోపలికి ఉరికాడు.

"ఆ ఇంజన్ వేసింది నువ్వేనా?"

"నేనే," అన్నాడు బావ. గొంతులో భయం లేదు సరికదా, కాస్త గర్వం ఉంది. "ఎలా లాగింది?"

"నేనడిగింది చెప్పు! ఎవరు వేయించారు? మేనల్లుడేగా?"

"కాదు."

"మరెవరు?"

అక్క వసారాలోంచి లేచొచ్చి కటకటాలు పట్టుకుంది. "చెప్పవయ్యా! ఊళ్ళో అందరి రహస్యాలూ నీ కడుపులో పెట్టుకుని నన్ను దిక్కులేనిదాన్ని చేస్తావా? ఒక్క పేరు చెప్పు!"

"మాటిచ్చానే," అన్నాడు బావ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు ఏడవకు. నువ్వేడిస్తే నేను చెప్పేస్తాను. దయచేసి ఏడవకు."

బుజ్జమ్మకి కోపం, జాలి ఒకేసారి ముంచుకొచ్చాయి. ఆ మొండితనం చూసి చెంప పగలగొట్టాలనీ ఉంది, కాళ్ళకి మొక్కాలనీ ఉంది. అంతలో వాకిట్లో ఆటో ఆగింది.

టీచరమ్మ గారు మెట్లెక్కి లోపలికొచ్చారు. ఇన్‌స్పెక్టర్ తటాలున లేచి నిలబడ్డాడు. ఐదో తరగతి నుంచి పది దాకా ఆవిడ బడిలోనే చదివాడాయన. ఆ కాళ్ళు ఆయన్ని అడగకుండానే లేస్తాయి.

"కూర్చో నాయనా. ఇంజన్ వేయించింది నేను."

కూర్చోబోయిన ఇన్‌స్పెక్టర్ మళ్ళీ లేచాడు.

"నాకు డెబ్బై ఏళ్ళు. నలభై ఏళ్ళు పిల్లల్ని 'పరిగెత్తొద్దు' అంటూ బతికాను. రిటైరయ్యాక కొండెక్కుతుంటే ఆ పాల వ్యాన్ వాడు రోజూ హారన్ కొట్టి, నవ్వి, దాటిపోయేవాడు. ఒక్కసారి వాణ్ణి దాటాలనిపించింది. ఈ మెకానిక్ మేస్త్రిని అడిగాను. ఊరంతా నవ్వుతుంది, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. తొమ్మిది రోజులైంది ఇంజన్ వేసి. ఆ పాల వ్యాన్‌ని నాలుగుసార్లు దాటాను." చివరి మాటకి ఆవిడ పెదవుల మీదికి నవ్వు రాబోయి ఆగిపోయింది.

చింత చచ్చినా పులుపు చావలేదంటే ఇదే!

"మరి నిన్న వెనక సందులో పోయిన బండి?" అంది బుజ్జమ్మ బావ వైపు తిరిగి.

"ఆ ఈల విన్నాను. టీచరమ్మ గారే షికారుకెళ్ళారనుకున్నాను," అన్నాడు బావ తలొంచుకుని.

"నేను నిద్రలో ఉన్నాను," అన్నారు టీచరమ్మ గారు. "నత్త బండిలో అంత తొందరగా వెళ్ళలేడని ఇన్‌స్పెక్టరు చెబుతుంటే, వెళ్ళగలడని తెలిసిన మనిషిని ఆ ఇంట్లో వాడు కాక నేనొక్కదాన్నే. అయినా నోరు విప్పలేదు. వాడు నా అన్న కొడుకు, తల్లీతండ్రీ లేనివాడు, నేను పెంచినవాడు. ఈ మేస్త్రి నా పిచ్చి సరదా బయటపెట్టకుండా రాత్రంతా ఇక్కడ కూర్చున్నాడు. నేనేమో ఇంట్లో మంచం మీద పడుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను నాయనా. నన్ను క్షమించు."

"ఎంత మాటండీ!" అన్నాడు బావ. "బండి బాగుందా లేదా, అది చెప్పండి."

అక్క ఏడుస్తూనే ఆయనకి కటకటాల సందులోంచి ఒక్కటిచ్చుకుంది.

"మీ మేనల్లుడు ఎక్కడ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"బయట. నాతోపాటే వచ్చాడు. నా దగ్గర ఒప్పుకున్నాడు, గడియారం వాడి జేబులోనే ఉంది. నువ్వు ముందు వెళ్ళు అత్తయ్యా, నేను వెనకే వస్తానన్నాడు. వాడంతట వాడు లోపలికి రావాలని..."

బయట ఇంజన్ గుర్రుమంది. ఆ వెంటనే సన్నగా ఈల.

ఇన్‌స్పెక్టర్ చేయి జేబు మీదికి పోయింది. జేబు ఖాళీ. గెలిచిన తొందరలో తాళం బండికే వదిలేసి వచ్చాడు మహానుభావుడు. గుమ్మంలోకి పరిగెత్తేసరికి కొండదారి మలుపులో పసుపు రంగు మాయమవుతోంది.

"జీపు తీయండి!"

"సార్, ఒక్క మాట!" బావ లేచి కటకటాలు పట్టుకున్నాడు. "ఇందాక కొండ గేరులో దిగారా, బ్రేకు మీద దిగారా?"

"ఇప్పుడదా నీకు..."

"చెప్పండి సార్!" బావ అరిచాడు. బుజ్జమ్మకి ఊహ తెలిశాక ఆయన అరవడం అదే మొదటిసారి.

"బ్రేకు మీదే. పైనుంచి కిందిదాకా."

బావ ముఖంలో నెత్తురుచుక్క లేదు. "ఇంజన్ పెద్దది వేశాను గానీ బ్రేకులు ఇంకా ఆ పాత బుల్లి బండివే. పెద్దవి నిన్న పొద్దునే చేతికొచ్చాయి. అందాకా రెండో గేరులో తప్ప దిగొద్దని టీచరమ్మ గారికి చెప్పాను. నిన్న రాత్రి ఏడింటికి బిగించాల్సింది. ఆరింటికి మీరు నన్ను పట్టుకొచ్చారు."

"అంటే?"

"ఆ ప్యాడ్లు అరిగిపోయి రేకు మిగిలి ఉంటుంది. ఎక్కేటప్పుడు అతనికేం తెలియదు. అవతలి వైపు దిగడం మొదలుపెట్టాకే తెలుస్తుంది."

టీచరమ్మ గారు కుర్చీ తడుముకుని కూర్చున్నారు. "ఇందాక తాళం ఇచ్చేటప్పుడు చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే నాకు తెలుసని తెలిసిపోతుందని..." బుజ్జమ్మ ఆవిడ సంచీలోంచి ఫోన్ తీసి మేనల్లుడి నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది. ఐదో మోతకి ఎత్తాడు. వెనక ఈల వినిపిస్తోంది.

"ఒరేయ్ నాన్నా, కొండ దాటకురా! ఆ బండికి బ్రేకులు లేవు!"

అవతల నవ్వు. "నన్ను ఆపడానికి ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా అత్తయ్యా?" ఫోన్ పెట్టేశాడు.

"హోటల్ వాళ్ళకి చెప్పండి, వాళ్ళ బస్సు దారికి అడ్డం పెట్టమనండి," అన్నాడు బావ గబగబా. "ఎక్కుడులోనే, పైకి చేరకముందే. ఎక్కే బండి పాదం తీస్తే తనంతట తనే ఆగుతుంది. దాటిపోయాడో, గేర్లతో ఆపుకోవాలి. ఆ గేరుపెట్టె సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. దారి పొడుగునా ఫోన్ చేస్తూనే ఉందాం, ఎప్పుడో ఒకప్పుడు ఎత్తుతాడు. నేను మాట్లాడతాను."

నిన్న ఈయన పెట్టెలో డబ్బా పడేసి జైలుకి పంపబోయిన మనిషి కోసం ఈ ఆరాటం! బుజ్జమ్మ హోటల్‌కి ఫోన్ కలుపుతూనే బావని చూసి కళ్ళు తుడుచుకుంది.

ఇన్‌స్పెక్టర్ గోడకున్న తాళంచెవుల గుత్తి లాక్కున్నాడు.

"సార్, మేజిస్ట్రేటు గారి దగ్గరికి..." అన్నాడు కానిస్టేబుల్.

"నేను చెప్పుకుంటానులే ఆయనకి, తప్పు మనిషిని పట్టుకొచ్చానని." లాకప్ తలుపు బార్లా తెరిచాడు. "మేస్త్రి గారూ, జీపెక్కండి."

గోడ గడియారంలో నాలుగూ ఇరవై. నత్త బండి ఈపాటికి నాలుగో మలుపు దాటి ఉంటుంది.